గుర్రపు దాణాలో సూక్ష్మ ఖనిజాలు: ముందు మేత లెక్క, ఆ తర్వాతే డబ్బా

500 కిలోల గుర్రం ఏ పనీ లేకుండా శాలలో నిలబడి ఉన్నా రోజుకు దాదాపు 1 మిల్లీగ్రాము సెలీనియం కావాలి. విడిగా తీసి అరచేతిలో పెడితే కంటికి ఆనడం కూడా కష్టం. ఆ కాస్తా తల్లికి అందకపోతే పుట్టిన పిల్ల కండరాలు పాలిపోయి, లేచి పాలు తాగలేని స్థితి రావచ్చు. నెలల తరబడి మోతాదు మించితే జూలు, తోక వెంట్రుకలు రాలి గిట్టలు పగులుతాయి. ఒక్కసారిగా విపరీతంగా మించితే గంటల్లో ప్రాణం పోతుంది. రాగి, జింకు, మాంగనీస్, ఇనుము, అయోడిన్, కోబాల్ట్ కూడా ఈ కోవకే చెందిన సూక్ష్మ ఖనిజాలు. అయితే దేని స్వభావం దానిదే. కొన్ని మేతలో తరచూ తక్కువపడతాయి, కొన్ని ఎప్పుడూ అవసరానికి మించే ఉంటాయి, కొన్నిటికి అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువ. వీటన్నిటినీ ఒకే డబ్బాలో కలిపి, ఒకే చెంచాతో కొలిచి, అన్ని గుర్రాలకూ పెట్టడం అలవాటైపోయింది. చిక్కంతా అక్కడే ఉంది.

గుర్రాల పోషణలో ఎక్కువమంది ఆధారంగా తీసుకునేది అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో ప్రచురించిన ప్రమాణాలు. వాటి ప్రకారం 500 కిలోల పెద్ద గుర్రానికి, పని లేని రోజుల్లో, రాగి 100 మి.గ్రా., జింకు 400, మాంగనీస్ 400, ఇనుము 400, అయోడిన్ 3.5, సెలీనియం 1, కోబాల్ట్ 0.5 మి.గ్రా. కావాలి. గట్టిగా పనిచేసే గుర్రానికీ, ఈనడానికి దగ్గరపడ్డ చూడి గుర్రానికీ రాగి 125 మి.గ్రా. వరకు పెరుగుతుంది. ఇవి లోటు రాకుండా ఉండడానికి సరిపోయే కనీస మోతాదులు. వీటికి కాస్త పైన ఉండేలా చూసుకోవడం తప్పు కాదు. కానీ అంకెకు పది రెట్లు పెడితే గుర్రం పది రెట్లు బాగుంటుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

అసలు చేయాల్సింది చిన్న తీసివేత లెక్క. గుర్రం రోజుకు తేమ తీసేసిన లెక్కన 10 కిలోల ఎండుగడ్డి తింటోందనుకుందాం. పరీక్ష చేయిస్తే ఆ గడ్డిలో కిలోకు రాగి 6 మి.గ్రా., జింకు 20, ఇనుము 200, సెలీనియం 0.03 మి.గ్రా. తేలాయి. అంటే గుర్రానికి రోజూ 60 మి.గ్రా. రాగి అందుతోంది, ఇంకా 40 కావాలి. జింకు 200 అందుతోంది, మరో 200 కావాలి. సెలీనియం 0.3 అందుతోంది, 0.7 తక్కువ. ఇనుము మాత్రం 2,000 మి.గ్రా., అవసరానికి ఐదు రెట్లు. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే అయినా, గడ్డి మాత్రమే తినే గుర్రాల్లో సాధారణంగా కనబడే తీరు ఇదే: రాగి, జింకు తక్కువ, ఇనుము ఎక్కువ, సెలీనియం నేలను బట్టి. ఈ లెక్క చేతిలో ఉంటే ఏ డబ్బా కొనాలో, ఏది కొనక్కర్లేదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. లేకపోతే లేబుల్ మీద ఎన్ని ఖనిజాల పేర్లు ఉంటే అంత మంచి మందు అనిపిస్తుంది.

గడ్డి పరీక్ష విషయంలో రెండు జాగ్రత్తలు. ఒక మోపులోంచి గుప్పెడు పీకి పంపితే దానికి విలువ ఉండదు. ఒకే కోతకు చెందిన పదిహేను, ఇరవై మోపుల లోపలి నుంచి గొట్టంతో నమూనాలు తీసి, కలిపి, అందులోంచి కొంత పంపాలి. రెండోది పరీక్ష పద్ధతి. పరారుణ కాంతితో త్వరగా చేసే పరీక్ష మాంసకృత్తులకూ పీచుకూ బాగానే పనికొస్తుంది, సూక్ష్మ ఖనిజాలకు మాత్రం నమ్మదగ్గది కాదు. రసాయన పద్ధతిలో చేయమని విడిగా అడగాలి. సెలీనియానికి చాలా ప్రయోగశాలల్లో వేరే పరీక్ష ఉంటుంది, అడగకపోతే చేయరు. నమూనాకు మట్టి అంటుకుని ఉంటే ఇనుము అంకె అమాంతం పెరిగి కనబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇనుము: రక్తం కోసమని పోసే అనవసరపు భారం

గుర్రం నీరసంగా ఉందంటే మొదట వచ్చే అనుమానం రక్తహీనత, మొదట చేతికొచ్చేది ఇనుము టానిక్. పందెపు శాలల్లో ఈ అలవాటు మరీ గట్టిది. నిజానికి పెద్ద గుర్రాల్లో మేతలో ఇనుము చాలక రక్తహీనత రావడం దాదాపు ఉండదు. పేగుల్లో పురుగులు, జీర్ణాశయంలో పుళ్ళు, ఎక్కడో దాగిన ఇన్ఫెక్షన్, ఎడతెగని వాపు వంటివే అసలు కారణాలు. అవి అలాగే ఉండగా టానిక్ పోస్తే రక్తం పెరగదు, జబ్బును కనిపెట్టడం ఆలస్యమవుతుంది.

పైగా గుర్రం రక్తపరీక్ష తేలిగ్గా మోసం చేస్తుంది. గుర్రం ప్లీహంలో ఎర్రకణాలు పెద్ద మొత్తంలో నిలవ ఉంటాయి. బెదిరినా, పరుగెత్తినా ప్లీహం ముడుచుకుని వాటిని రక్తంలోకి వదులుతుంది. ప్రశాంతంగా నిలబడ్డప్పుడు రక్తంలో 35–40 శాతం ఉండే ఎర్రకణాల వాటా, గట్టిగా పరుగెత్తాక 60 దాటవచ్చు. ఉదయం మేత తింటూ నెమ్మదిగా ఉన్నప్పుడు తీసిన నమూనాలో అంకె తక్కువ కనబడితే, అది రక్తహీనత కాక గుర్రం ప్రశాంతంగా ఉందనడానికి గుర్తు కావచ్చు.

ఒంట్లో చేరిన మిగులు ఇనుమును బయటికి పంపే దారి గుర్రానికి లేదు. పేగు దగ్గర కొంత అడ్డుకోగలదు, లోపలికి పోయింది కాలేయంలో పేరుకుంటుంది. నెదర్లాండ్స్‌లో ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన 21 గుర్రాలకు, ఒక గాడిదకు కాలేయం దెబ్బతిన్న ఉదంతాన్ని 2019లో పశువైద్యులు ప్రచురించారు. నీళ్ళ తొట్టి అంచున తుప్పురంగు పట్టిన చోట మేతతో పాటు నీటినీ పరీక్షకు పంపడం మంచిది. అప్పుడే పుట్టిన పిల్లల విషయం మరీ ప్రమాదకరం: పుట్టిన వెంటనే, ముర్రుపాలు కూడా తాగకముందే ఇనుము కలిసిన మందు పోసిన పిల్లలు కాలేయం పాడై చనిపోయిన సంఘటనలు 1980ల్లో అమెరికాలో నమోదయ్యాయి. ఇనుము ఇంజెక్షన్ పడక గుర్రాలు అక్కడికక్కడే కూలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇన్ని తెలిసీ సాధారణ ఖనిజ మిశ్రమాల్లో ఇంకా ఇనుము కలుపుతున్నారంటే, కొనేవాళ్ళు లేబుల్ మీద ఆ పేరు కోసం వెతకడమే కారణం. ఇనుము కలపని మిశ్రమాన్ని అడిగి తీసుకోవాలి.

రాగి, జింకు: నిజంగా తక్కువపడేవి

ఎముకనూ మృదులాస్థినీ గట్టిగా పట్టి ఉంచే పోగులు అల్లుకోవడానికి రాగి ఆధారంగా పనిచేసే ఎంజైమ్ కావాలి. చర్మం, వెంట్రుక, గిట్ట గట్టిపడడానికి జింకు కావాలి. నల్లటి జూలు అంచులు ఎర్రబారి వెలిసిపోతే రాగి లోటు అంటారు. అది కొంతవరకే నిజం. వెంట్రుక రంగుకు రాగి అవసరమే, కానీ ఎండకూ చెమటకూ కూడా రంగు వెలుస్తుంది. రంగును చూసి లోటును తేల్చలేం.

రాగి గురించి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చూడి గుర్రానిది. గుర్రపు పాలలో రాగి తక్కువ. తల్లికి ఎంత పెట్టినా పాలలో రాగి చెప్పుకోదగినంత పెరగదు. అందుకే పిల్ల కడుపులో ఉండగానే, చివరి నెలల్లో, తల్లి నుంచి రాగిని తీసుకుని తన కాలేయంలో దాచుకుంటుంది. పుట్టాక మొదటి నెలల్లో ఎముకలు శరవేగంగా పెరుగుతున్నప్పుడు ఆ నిలవనే వాడుకుంటుంది. న్యూజీలాండ్‌లోని మాస్సీ విశ్వవిద్యాలయంలో 1990ల్లో జరిగిన పరిశోధనలో ఈనే ముందు తల్లులకు రాగి ఇచ్చినప్పుడు పిల్లల్లో మృదులాస్థి లోపాలు తగ్గాయి. పుట్టాక నేరుగా పిల్లలకు ఇచ్చిన రాగితో అంత ప్రయోజనం కనబడలేదు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ దీన్ని ఒకే గొంతుతో బలపరచలేదు. కీళ్ళ లోపాలకు వంశం, పెరుగుదల వేగం, ధాన్యం ఎక్కువ పెట్టడం, కదలిక తీరు కూడా కారణాలే. అయినా ఒక్కటి స్థిరంగా చెప్పవచ్చు: రాగి పెట్టదలిస్తే అదను ఈనే ముందు నాలుగైదు నెలలు. పిల్ల కాళ్ళు వంకరపోయాక డబ్బా కొనడానికి పరుగెత్తేవాళ్ళే ఎక్కువ. అప్పటికి ఆ అదను దాటిపోయి ఉంటుంది.

రాగికీ జింకుకీ మధ్య పోటీ ఉంది. జింకు కార్ఖానాల దగ్గరి పచ్చికలో మేసిన గుర్రప్పిల్లల్లో జింకు విపరీతంగా చేరి, రాగి లోటు ఏర్పడి, కీళ్ళు దెబ్బతిన్నాయి. అందుకే గిట్టల కోసమని జింకు ఒక్కటే పెద్ద మోతాదులో పెట్టడం మంచిది కాదు. మొత్తం ఆహారంలో రాగి ఒక పాలైతే జింకు మూడు నాలుగు పాళ్ళు ఉండేలా చూస్తే చాలు. దీన్ని పట్టుకుని ఇనుముకు కూడా ఖచ్చితమైన పాళ్ళు చెప్పి, గడ్డిలో ఇనుము ఎక్కువుంటే రాగి, జింకులను ఆ మేరకు అనేక రెట్లు పెంచమని చెప్పేవాళ్ళున్నారు. అంత కచ్చితమైన నిష్పత్తికి గుర్రాల్లో బలమైన రుజువు లేదు. లోటును పూడ్చి, కాస్త మిగులు ఉంచితే సరిపోతుంది.

గుర్రం రాగిని బాగా తట్టుకుంటుంది. ఆహారంలో కిలోకు 250 మి.గ్రా. వరకు ప్రమాదం లేదని లెక్క. గొర్రెకు ఆ హద్దు 15 మాత్రమే. గుర్రాలూ గొర్రెలూ ఒకే దొడ్డిలో ఉంటే గుర్రపు దాణా గొర్రెలకు అందకుండా చూడాలి. దీనికి అద్దం పట్టినట్టు మరో ప్రమాదం ఎదురు దిక్కు నుంచి ఉంది. పశువుల దాణాల్లో, ఖనిజ మిశ్రమాల్లో కొన్నిటికి మోనెన్సిన్ కలుపుతారు. ఆవులు తట్టుకునే ఆ మందు గుర్రం గుండె కండరాన్ని పాడుచేస్తుంది. శరీర బరువులో కిలోకు 2–3 మి.గ్రా. చేరితే చావు తప్పకపోవచ్చు. ఆవులకు తెచ్చిన మిశ్రమం చవగ్గా దొరుకుతోందని గుర్రానికి పెట్టకూడదన్నది అందుకే.

సెలీనియం: హద్దు దగ్గరగా ఉన్నది

1850ల చివర్లో అమెరికా సైనిక వైద్యుడు టి.సి. మాడిసన్, అప్పటి నెబ్రాస్కా ప్రాంతంలోని సైనిక స్థావరం ఫోర్ట్ రాండల్‌లో అశ్వదళపు గుర్రాలకు జూలు, తోక రాలిపోయి, గిట్టలు ఊడే వ్యాధి వచ్చిందని రాశాడు. కారణం ఆయనకు తెలియదు. ఆ నేలలో పెరిగే గడ్డిలో, ధాన్యంలో సెలీనియం ఎక్కువని 1930ల్లో తేలింది. దాదాపు పాతికేళ్ళ పాటు సెలీనియం అంటే విషమే. 1957లో ష్వార్ట్జ్, ఫోల్ట్జ్ అనే శాస్త్రవేత్తలు అది ప్రాణికి అవసరమని కూడా చూపారు. కణాల పొరలు దెబ్బతినకుండా కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో సెలీనియం భాగమని 1973లో వెల్లడైంది. న్యూజీలాండ్, ఫిన్లాండ్, అమెరికాలోని వాయవ్య తీరం, గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల నేలల్లో సెలీనియం తక్కువ. ఫిన్లాండ్ 1980ల నడుమ నుంచి ఎరువుల్లోనే దాన్ని కలుపుతోంది. అంటే ఒకే జాతి గడ్డి, ఒకే రంగు, ఒకే వాసన ఉన్నా, ఎక్కడ పండిందన్నదాన్ని బట్టి గుర్రానికి అందే సెలీనియం పదుల రెట్లు మారుతుంది. వేరే ప్రాంతం నుంచి గడ్డి తెప్పించిన రోజు పాత లెక్క చెల్లదు.

2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని వెల్లింగ్టన్‌లో పోలో పోటీకి సిద్ధమైన 21 గుర్రాలు ఒక్కరోజు వ్యవధిలో చనిపోయాయి. వాటికి విటమిన్లు, ఖనిజాలు కలిపిన ఇంజెక్షన్ చేశారు. దాన్ని విడిగా తయారు చేయించినప్పుడు సెలీనియం పాళ్ళు తప్పాయి. అలసట తీరడానికి వేసే మామూలు మందే అది. మంచి శ్రద్ధతో పెంచిన గుర్రాలు కళ్ళెదుటే కూలిపోవడం ఎంత దారుణమో చెప్పనక్కర్లేదు. మిల్లీగ్రాముల్లో ఉన్న మందుకు దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పది రెట్లవుతుంది. రోజుకు 1 మి.గ్రా. అవసరమైన చోట 20 మి.గ్రా. దగ్గర సురక్షిత హద్దు ముగుస్తుంది. ఐరోపా సమాఖ్యలో దాణాలో మొత్తం సెలీనియం కిలోకు 0.5 మి.గ్రా. మించకూడదన్న చట్టం ఉన్నది ఇందుకే.

ఇంజెక్షన్ల కన్నా ఎక్కువచోట్ల జరిగేది మెల్లగా పేరుకునే పొరపాటు. 3 కిలోల దాణాలో కిలోకు 0.5 చొప్పున 1.5 మి.గ్రా. వచ్చింది. దాని మీద గిట్టల పొడిలో 1, కండరాల పొడిలో 2, విటమిన్ ఇ డబ్బాలో 2. ఎవరూ తప్పు చేయలేదు, ప్రతి లేబులూ హద్దులోనే ఉంది, కానీ మొత్తం 6.5 అయింది. గడ్డిలో ఉన్నది ఇంకా కలపలేదు. విటమిన్ ఇ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. గడ్డి ఎండినకొద్దీ అందులో విటమిన్ ఇ తగ్గిపోతుంది, కాబట్టి పచ్చిక దొరకని గుర్రాలకు దాన్ని పెంచాల్సి వస్తుంది. సెలీనియం కలిసిన విటమిన్ ఇ డబ్బాను రెట్టింపు చేస్తే సెలీనియమూ రెట్టింపవుతుంది. విటమిన్ ఇ విడిగా దొరికే మందే కొనాలి.

అయోడిన్‌దీ దాదాపు ఇదే కథ. వింతేమిటంటే తక్కువైనా ఎక్కువైనా పుట్టే పిల్లకు గళగండమే వస్తుంది. ఎక్కువకు దారి సముద్రపు పాచి పొడి. కిలోకు 1,000 మి.గ్రా. అయోడిన్ ఉన్న పాచి పొడి 50 గ్రాములు పెడితే 50 మి.గ్రా. అవుతుంది, అవసరానికి 14 రెట్లు. పాచి రకాన్ని బట్టి ఈ అంకె ఎంతో మారుతుంది. తల్లి పైకి నిక్షేపంగా కనబడుతుంది. అయోడిన్ మావి ద్వారా, పాల ద్వారా పిల్లకు చేరి దాని మెడలో వాపుగా బయటపడుతుంది. చూడి గుర్రాలకు సముద్రపు పాచి పెట్టకపోవడమే మేలు.

కోబాల్ట్‌ను మేతకు విడిగా కలపాల్సిన పనే లేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాంతో విటమిన్ బి12 తయారు చేస్తాయి. గొర్రెలకు కోబాల్ట్ లోటు వచ్చిన పచ్చికల్లోనూ గుర్రాలు హాయిగా మేశాయి. అయినా ఎర్రకణాలు పెరుగుతాయన్న ఆశతో పందెపు గుర్రాలకు పెద్ద మోతాదుల్లో ఎక్కించే దురాచారం పుట్టి, నియంత్రణ సంస్థలు మూత్రంలో మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము అనే హద్దు పెట్టాల్సి వచ్చింది. గుర్రం ఒంటికి హాని చేసే ఈ పని పోషణ కిందికి రాదు. మాంగనీస్ చాలా గడ్డిలో సరిపడా ఉంటుంది. క్రోమియం ఇన్సులిన్‌కు మేలు చేస్తుందన్న మాటకు గుర్రాల్లో గట్టి ఆధారాలు లేవు.

రక్తపరీక్ష చెప్పేది, చెప్పనిది

గడ్డి బదులు గుర్రాన్నే పరీక్షిస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సెలీనియానికి సరిపోతుంది. రక్తంలోని మోతాదు ఒంట్లోని స్థితిని బాగానే చూపుతుంది. అయితే ఎర్రకణం తయారవుతున్నప్పుడే దాంట్లోకి సెలీనియం చేరుతుంది, గుర్రంలో ఆ కణం ఆయుష్షు సుమారు ఐదు నెలలు. మోతాదు మార్చిన పది రోజులకే మళ్ళీ రక్తం తీస్తే పాత చరిత్రే కనబడుతుంది. రాగి, జింకులకు రక్తపరీక్ష నమ్మకమైనది కాదు. కాలేయంలో నిలవ తగ్గుతున్నా రక్తంలో అంకె చాలాకాలం మామూలుగానే ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఉంటే రాగి పెరుగుతుంది, జింకు తగ్గుతుంది. నమూనా గొట్టానికున్న రబ్బరు బిరడా నుంచి కూడా జింకు దిగి లెక్క తప్పవచ్చు. వెంట్రుకల పరీక్షలో దుమ్ము, రంగు, షాంపూ అన్నీ కలిసిపోతాయి. దాని ఆధారంగా మందు కొనడం డబ్బు దండగ.

లేబుల్ చదివేటప్పుడు చూడాల్సింది లవణం బరువు కాదు, అసలు ఖనిజం బరువు. మామూలు కాపర్ సల్ఫేట్‌లో రాగి నాలుగో వంతే. 400 మి.గ్రా. కాపర్ సల్ఫేట్ అంటే దాదాపు 100 మి.గ్రా. రాగి. కాపర్ ఆక్సైడ్‌లో రాగి పాలు ఎక్కువే, కానీ ఒంటికి పట్టేది తక్కువ. ఖరీదైన కీలేట్ రూపాలు (ఖనిజాన్ని అమైనో ఆమ్లం వంటి పదార్థంతో బంధించినవి) బాగా ఒంటబడతాయని ప్రచారం గట్టిగా ఉంది. గుర్రాల్లో ఫలితాలు మాత్రం మిశ్రమంగా ఉన్నాయి. ఈస్ట్ రూపంలోని సెలీనియం రక్తంలో స్థాయిని మామూలు రూపం కన్నా ఎక్కువ పెంచుతుందన్నది నిజం, అందుకే దాన్ని మరింత జాగ్రత్తగా కొలవాలి. తయారు దాణా రోజుకు 3 కిలోలు పెట్టమని రాసి ఉంటే, బరువు పెరుగుతోందని 1 కిలోకు తగ్గించినప్పుడు ఖనిజాలూ మూడో వంతుకు పడిపోతాయి. అలాంటి గుర్రాలకు తక్కువ పరిమాణంలో ఖనిజాలు గట్టిగా ఉన్న దాణా నయం. నాకడానికి ఖనిజాల ఇటుక వేలాడదీస్తే గుర్రమే కావలసినంత తీసుకుంటుందన్న నమ్మకం కూడా నిలవదు. గుర్రం వెతుక్కునేది ఉప్పు ఒక్కటే. ఇటుకను ఒక గుర్రం రోజుల్లో అరగదీస్తుంది, పక్క గుర్రం ముట్టుకోదు.

మార్పు చేశాక ఓపిక పట్టాలి. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది, ముందు భాగం పూర్తిగా కొత్తది కావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆరు వారాల్లో గిట్టలు మారాయంటే దానికి కారణం కొత్త పొడి కాక, తడి ఆరడమో నాడాలు సరిగ్గా కొట్టడమో అయి ఉంటుంది. గిట్ట పైఅంచు దగ్గర కొత్తగా దిగుతున్న పొర కింది పాతదానికన్నా నునుపుగా, బిగువుగా ఉందేమో మూడు నాలుగు నెలలకు చూడవచ్చు. ఈ లోపల కొత్త కోత గడ్డి వస్తే నమూనా తీసి పంపి, తీసివేత మళ్ళీ మొదటి నుంచి వేయాలి.